రిమార్కుల గడిలో రాసిన మాట

రానివాళ్ళకి ఫోన్ చెయ్యడం నా పని. ఆసుపత్రి మూడో అంతస్తులో, మందుల గదికీ లిఫ్టుకీ మధ్య ఉన్న ఇరుకు గదిలో కూర్చునేదాన్ని. లిఫ్టు కదిలినప్పుడల్లా బల్ల మీద పెన్ను కొంచెం దొర్లేది. గురువారం గురువారం రోగులు వచ్చేవాళ్ళు. కాళ్ళలో రక్తనాళాలు సన్నబడి, నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేసే మనుషులు. మొత్తం రెండు వందల నలభైమంది, అందరూ అరవై దాటినవాళ్ళే. సగంమందికి కొత్త మందు, సగంమందికి పాత మందు. ఎవరికి ఏది ఇస్తున్నారో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు, చేతికిచ్చే నర్సుకీ తెలియదు. సీసాలన్నీ ఒకేలా ఉండేవి. మీద అంకె ఒక్కటే తేడా.

గురువారం రానివాళ్ళకి శుక్రవారం పొద్దున్న ఫోన్ చేసి, ఎందుకు రాలేదో కనుక్కుని రిజిస్టర్లో ఎక్కించాలి. రోగి అంకె, తేదీ, వచ్చారా రాలేదా, చివర రిమార్కుల గడి. ఈ పరిశోధన అంతా పెద్దసారుది. చేరిన రోజున ఆయన్ని అడిగాను, రిమార్కులు ఇంగ్లీషులోనే రాయాలా అని.

"నీకు ఏ భాష వస్తే ఆ భాషలో రాయమ్మా," అన్నారు. "ఉన్నది ఉన్నట్టు రాయి, చాలు. మార్చుకునేవాళ్ళు మార్చుకుంటారు."

ఉన్నది ఉన్నట్టే రాశాను. "మనవరాలికి పరీక్షలట." "కొడుకుతో మాటల్లేవు, తీసుకొచ్చే దిక్కు లేదు." "మందు వేసుకుంటే నోరంతా చేదు, ఇక రానన్నారు." "కూతురి దగ్గరికి పోయారు, రెండు నెలల దాకా రారు."

చేరిన ఐదో నెలలో నూట పన్నెండో అంకె ఆయన రాలేదు. ఆయన దర్జీ. వచ్చినప్పుడల్లా నా చొక్కా భుజం కుట్టు వంకరగా ఉందని చెప్పేవాడు. ఫోన్ ఆయన భార్య ఎత్తింది. వెనకాల ఎవరో కుట్టుమిషను తొక్కుతున్న చప్పుడు.

"ఆయన పోయారమ్మా," అంది.

"ఎప్పుడండీ?"

"మొన్న ఆదివారం."

నేను ఏదో అన్నాను. ఆమె "ఊఁ" అంది. ఫోన్ పెట్టేశాక రిమార్కుల గడిలో "చనిపోయారు" అని రాయబోయి ఆగాను. ఆమె ఆ మాట అనలేదు. ఇంట్లో మనిషి గురించి ఇంట్లోవాళ్ళు ఎలా చెప్పారో అలాగే రాయడం మర్యాద అనిపించింది. "పోయారు" అని రాసి, పక్కన తేదీ వేశాను. రెండేళ్ళలో ఆ మాట అలా తొమ్మిదిసార్లు రాశాను.

రెండేళ్ళూ నిండాక వ్యాసం పేరున్న జర్నల్లో అచ్చయింది. ఆ మధ్యాహ్నం పెద్దసారు గదిలో కేకు కోశారు. లెక్కలు చూసే దశాంశం సారు కూడా వచ్చారు. ఆ పేరు నర్సులు పెట్టింది. సగంమంది వచ్చారా అని అడిగితే నలభై తొమ్మిది పాయింట్ ఆరు శాతం అనే మనిషి.

"సారుకి ఎంత పెట్టమంటారు? సున్నా పాయింట్ రెండు ఐదా?" అంది నర్సు, కత్తి పట్టుకుని.

"కేకులో పావు వంతా? నన్ను కూడా మీ రోగుల్లో కలిపేస్తారా ఏమిటి," అన్నారాయన. అందరం నవ్వాం.

వ్యాసం చివర, సాయపడినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పిన చోట నా పేరు ఉంది. కాగితం ఇంటికి తీసుకెళ్ళి వదినకి చూపించాను. వదిన దాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళింది.

"పదకొండు పేజీల తర్వాత, అదీ చీమతలకాయంత అక్షరాల్లో! నీ పేరు చదవడానికి మీ అన్నయ్య కళ్ళజోడు చాలదే అమ్మడూ," అంది. అయినా దాన్ని బీరువా తలుపుకి లోపలివైపు అంటించింది.

నేను ఆ ఒక్క వరుసే చదువుకున్నాను. మిగతా పదకొండు పేజీలూ చదవలేదు. నాలుగో పేజీలో ఒక పట్టిక ఉంది. "తమంతట తాము మానుకున్నవారు: పంతొమ్మిది. మరణాలు: సున్నా."

నాలుగు నెలల తర్వాత ఒక సోమవారం పెద్దసారు, ఆయన వెనక దశాంశం సారు నా గదికి వచ్చారు. పెద్దసారు ఆ గది గుమ్మం దాటడం అదే మొదటిసారి. ఉన్న ఒక్క కుర్చీ ఆయనకి వదిలి లేచాను. ఆయన కూర్చోలేదు.

ఎక్కడో ఒక డాక్టరు ఆ వ్యాసం చదివి జర్నల్‌కి ఉత్తరం రాశాడట. దశాంశం సారు దాన్ని తెలుగులో చెప్పారు. "అరవై దాటినవాళ్ళు, అందులో సగానికి పైగా పొగ తాగేవాళ్ళు, కాళ్ళకి రక్తం అందనివాళ్ళు. ఇలాంటి రెండు వందల నలభైమందిలో రెండేళ్ళపాటు ఒక్కరు కూడా చనిపోలేదట. ఆ ఊరెక్కడో చెబితే మేమూ మకాం మార్చేస్తాం." అంతే ఉత్తరం. దానికి జవాబు చెప్పమని జర్నల్ వాళ్ళు అడిగారు.

"ఒక్కరూ చనిపోలేదని ఎవరన్నారు సార్?" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

రిజిస్టర్ తీసి నూట పన్నెండో అంకె మీద వేలు పెట్టాను. దశాంశం సారు తన కంప్యూటర్లో అదే అంకె వెతికారు. అక్కడ "వెళ్ళిపోయారు, మానుకున్నారు" అని ఉంది. రిజిస్టర్‌ని ఇంగ్లీషులోకి మార్చి ఎక్కించే పని బయటి కంపెనీకి ఇచ్చారు. అక్కడ కూర్చున్నవాళ్ళు కూతురి దగ్గరికి పోయినవాళ్ళనీ, పోయినవాళ్ళనీ ఒకే కుప్పలో వేసేశారు.

"పోయారంటే?" అన్నారు పెద్దసారు.

"పోయారంటే పోయారండి."

"అదే, ఎక్కడికి?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వేలు పైకి చూపించాను. ఆయన నిజంగానే ఒక్క క్షణం పైకప్పు వైపు చూశారు. పై అంతస్తులో ఎముకల విభాగం ఉంది. తర్వాత అర్థమై, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"చావుకి వేరే ఫారం ఉంది కదా," అన్నారు దశాంశం సారు. "ఇరవై నాలుగు గంటల్లో పంపాలి. నీకు ఎవరూ ఇవ్వలేదా?"

నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆయనే మందుల గదికి వెళ్ళి బీరువా కింది అర వెతికి ఆ ఫారాల కట్ట తెచ్చారు. పైన ప్లాస్టిక్ కవరు చింపనే లేదు.

ఆ మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని తొమ్మిదిమందినీ లెక్క తేల్చాం. ఎవరికి ఏ మందు వెళ్ళిందో చెప్పే జాబితాని దశాంశం సారు తెరిచారు. నేను అంకె చదువుతుంటే ఆయన ఒక కాగితం మీద, ఆ మందు పేరు కింద గీత గీశారు. కొత్త మందు వేసుకున్నవాళ్ళు ఎనిమిదిమంది. పాత మందు వేసుకున్నవారు ఒక్కరు.

ఆయన ఆ గీతలు లెక్కపెట్టి, కంప్యూటర్లో ఏదో లెక్క కట్టారు. "మందుకీ దీనికీ ఏ సంబంధమూ లేకపోతే, ఊరికే ఇంత తేడా పడటం నూటికి మూడు పాయింట్ ఆరు సార్లు కూడా జరగదు సార్. సరిదిద్దాలి," అన్నారు.

"చూద్దాం," అన్నారు పెద్దసారు. రిజిస్టర్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

బుధవారం నన్ను తన గదికి పిలిచి, కూర్చోమని, టీ తెప్పించారు. బల్ల మీద ఒక కాగితం, దాని పక్కన లైబ్రరీ నుంచి తెచ్చిన లావుపాటి నిఘంటువు ఉన్నాయి. కాగితం మీద రెండే వాక్యాలు. "మా వాడుకలో 'పోయారు' అంటే వేరేచోటికి వెళ్ళారని అర్థం. ఫోన్లో ఎవరూ నాకు మరణం సంగతి చెప్పలేదు." కింద సంతకానికి చోటు.

"చూడమ్మా," అని నిఘంటువు నా వైపు తిప్పారు. "పోవు అంటే మొదటి అర్థం వెళ్ళు. చచ్చు అన్నది ఎక్కడో కిందికి ఉంది. నువ్వు రాసిన మాటకి అర్థం నువ్వు చెప్పాలిగానీ ఇంకెవరు చెప్తారు?"

"రెండో వాక్యం సార్..."

"ఏమయింది?"

"వాళ్ళు చెప్పారు సార్."

"చెప్పినట్టు రుజువేదీ? నువ్వు రాసింది ఈ ఒక్క మాటే కదా." ఆయన గొంతులో కోపం లేదు. మా బడిలో లెక్కల మాస్టారు తప్పు చేసిన పిల్లకి మళ్ళీ మొదటినుంచీ చెప్పినట్టు చెప్పారు. "ఇది నిలబడితే వచ్చే నెలలో తొమ్మిది ఆసుపత్రుల్లో పెద్ద పరిశోధన మొదలవుతుంది. పదిహేను వందలమంది. ఫోన్ల పని మొత్తానికి నువ్వే పెద్ద. నీ కింద ఆరుగురుంటారు. ఒక్క మాట పట్టుకుని వేళ్ళాడి ఇదంతా చెడగొట్టుకుంటామా?"

"దశాంశం సారు ఏమన్నారు సార్?"

"ఆయన నిన్ననే సంతకం పెట్టారు."

సోమవారం దాకా గడువు అడిగి వచ్చేశాను. టీ తాగలేదని మెట్ల దగ్గర గుర్తొచ్చింది.

ఇంట్లో వదిన విషయమంతా విని, ఉతికిన బట్టలు మడతపెడుతూ, "నువ్వేమన్నా మందు తయారుచేశావా, ఇచ్చావా? వాళ్ళలో వాళ్ళు ఏదో రాసుకుంటారు. నీ సంతకం లేకపోతే ఇంకొకరిది పెట్టిస్తారు. నీకెందుకే ఈ గొడవ?" అంది.

"పదిహేను వందల్లో సగం ఏడు వందల యాభై వదినా. నూట ఇరవైకి ఎనిమిదిమంది అయితే, ఏడు వందల యాభైకి యాభైమంది."

వదిన మడత ఆపింది. "అంత కచ్చితంగా మందు వల్లేనని నీకు తెలుసా?"

తెలియదు. అదే తెలియాలి. కానీ నాకు తెలిసింది ఇంకొకటి ఉంది, అది వదినకి కూడా చెప్పలేదు. దర్జీ పోవడానికి నాలుగు రోజుల ముందు, బుధవారం సాయంత్రం, రోగులకిచ్చే కార్డు మీద ఉన్న నంబరుకి ఫోన్ వచ్చింది. పొద్దున్నించీ ఆయనకి ముక్కులోంచి రక్తం ఆగడం లేదని ఆయన భార్య చెప్పింది. నా బల్ల ఎదురుగా గోడ మీద పెద్దసారు రాయించిన సూచనల కాగితం ఉండేది. ఏ బాధ చెప్పినా వచ్చే గురువారం రమ్మనాలని అందులో ఉంది. "రేపే కదండీ గురువారం, తీసుకురండి," అన్నాను. వాళ్ళు ఆ గురువారం రాలేదు. రానివాళ్ళకి శుక్రవారం ఫోన్ చెయ్యాలి. ఆ శుక్రవారం నేను సెలవు పెట్టాను. తర్వాతి శుక్రవారం చేసేసరికి ఆయన పోయి ఐదు రోజులైంది. ఆ సంగతి నాకూ ఆమెకీ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఆ కాగితం మీద సంతకం పెడితే ఇక ఎప్పటికీ తెలియదు.

సోమవారం పెద్దసారు గదికి వెళ్ళి, "పెట్టలేను సార్," అన్నాను. ఆయన తల ఊపి కాగితం సొరుగులో పెట్టుకున్నారు.

జర్నల్‌కి నేనే రాశాను. రిజిస్టర్ పెద్దసారు దగ్గరే ఉంది కాబట్టి, గుర్తుచేసుకుని రాయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. పేర్లు రాయలేదు, అంకెలు మాత్రమే. ఏ తేదీన ఎవరి ఇంటికి ఫోన్ చేశానో, ఎత్తినవాళ్ళు నాతో ఏమన్నారో, తొమ్మిదిమందిలో ఎంతమంది ఏ మందు వేసుకున్నారో రాశాను. నూట పన్నెండో అంకె దగ్గర ముక్కులోంచి రక్తం సంగతి, నేనిచ్చిన జవాబు, సెలవు పెట్టిన శుక్రవారం కూడా రాశాను. అది రాయకుండా మిగతాది రాస్తే, నేను కూడా నాకు కావలసిన గడులే నింపినట్టవుతుంది.

ఆరు వారాలకి జవాబు వచ్చింది. విషయం తెలియజేసినందుకు ధన్యవాదాలట. ఇలాంటివి విచారించే బాధ్యత పరిశోధన చేసిన సంస్థదే కాబట్టి, నా ఉత్తరాన్ని ఆసుపత్రికి పంపామని రాశారు. నా పేరుతో సహా పంపారు.

విచారణ గదిలో ముగ్గురు కూర్చున్నారు. ముగ్గురూ పెద్దసారు దగ్గర చదువుకున్నవాళ్ళే. వ్యాసం గురించి పావుగంట అడిగారు, ఫోన్ గురించి గంటన్నర.

"ఆ బుధవారం ఫోన్ ఎత్తింది మీరేనా?"

"నేనేనండి."

"రక్తం ఆగడం లేదని చెప్పినా డాక్టరుకి చెప్పలేదు?"

"గురువారం రమ్మనాలని గోడ మీద కాగితం ఉందండి."

"ఏ కాగితం?"

అందరం లేచి నా గదికి వెళ్ళాం. గోడ మీద కాగితం లేదు. అది ఉన్నచోట సున్నం మిగతా గోడకన్నా తెల్లగా ఉంది, నాలుగు మూలలా టేపు మరకలున్నాయి. ఒకాయన ఆ మరకని గోరుతో గీకి చూశారు. ఎవరూ ఏమీ రాసుకోలేదు. గీతలు గీసిన కాగితం గురించి దశాంశం సారుని అడిగితే గుర్తులేదన్నారట. ఆయన నోట అంకె లేని మాట వినడం ఎవరికైనా అదే మొదటిసారి అయి ఉంటుంది.

నన్ను తీసేశారు. నిర్లక్ష్యం అని కారణం రాశారు. మూడు నెలలకి జర్నల్లో సవరణ అచ్చయింది. "తాత్కాలిక ఉద్యోగి ఒకరు వాడిన మాటని పొరపాటుగా అనువదించడంవల్ల తొమ్మిది మరణాలు 'తమంతట తాము మానుకున్నవారు' కింద నమోదయ్యాయి. వ్యాసం తేల్చిన విషయాల్లో మార్పు లేదు." ఎనిమిది, ఒకటి అన్న అంకెలు ఎక్కడా లేవు. చనిపోయినవాళ్ళు చనిపోయారని ఒప్పుకున్నారు, ఏ సీసా తాగి అన్నది మాత్రం చెప్పలేదు. ఆ వారమే పెద్ద పరిశోధనకి రోగులని చేర్చుకోవడం మొదలైందని నర్సు చెప్పింది.

"నీ తర్వాత వచ్చినామె ఫోన్లో తెగ గట్టిగా మాట్లాడుతుంది. లిఫ్టు చప్పుడు కూడా వినపడటం లేదు," అంది. నన్ను నవ్వించాలని చూసింది పాపం.

నేను అడిగితే ఆసుపత్రి చెప్పదు, జర్నల్ చెప్పదు. కానీ పోయినవాళ్ళ ఇంటివాళ్ళు మా మనిషికి ఏ మందు ఇచ్చారని రాతపూర్వకంగా అడిగితే చెప్పి తీరాలి. రోగులు చేరినప్పుడు సంతకం పెట్టే కాగితం ఆరో పేరాలో అలా ఉంది. రెండేళ్ళు కార్డులు పోస్టు చేసినదాన్ని, చిరునామాలు నాకు నోటికి వచ్చు.

మొదట దర్జీ ఇంటికి వెళ్ళాను. వీధిలోకి తెరుచుకున్న గది. గోడంతా దారం ఉండలు, వంకెకి వేలాడుతున్న సగం కుట్టిన కోటు. ఆమె మిషను మీద వంగి ఉంది.

"కొలతలా, ఆల్టరేషనా?" అంది తలెత్తకుండా.

"నేను ఆసుపత్రి నుంచండి. కాదు... అక్కడ పని చేసేదాన్ని. ఆ బుధవారం మీరు ఫోన్ చేస్తే గురువారం రమ్మన్నది నేనే."

మిషను ఆగింది. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"గొంతు బట్టి పెద్దదానివనుకున్నాను," అంది చివరికి. "నువ్వు చెప్పావని ఆ రాత్రంతా ఆగాం. తెల్లారి బయల్దేరదామంటే లేవలేకపోయాడు. వీధి చివర డాక్టరు వచ్చి మందిచ్చాడు. మూడు రోజులున్నాడు." కోటు చేతిని ఒళ్ళోకి లాక్కుని, మళ్ళీ వదిలేసింది. "ఇప్పుడెందుకొచ్చావ్? క్షమించమనడానికా?"

"కాదండి."

"మరి?"

చెప్పాను. తొమ్మిదిమంది అని చెప్పాను. ఆయన ఏ సీసావారో నాకు తెలుసుగానీ, నా నోటిమాట చెల్లదని చెప్పాను. కూర్చోమనలేదు కాబట్టి నిలబడే, ఏ మందు ఇచ్చారో చెప్పమని ఆసుపత్రిని అడుగుతూ రాసి తెచ్చిన కాగితం చదివాను. ఆమె మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చింది.

"ఆ మందు వల్లే పోయాడా?"

"తెలియదండి. తొమ్మిదిమందివీ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ ఎవరూ చెప్పలేరు. అలా పెట్టకుండా ఉండటానికే ఇదంతా."

ఆమె కాగితం తీసుకుంది. సుద్దముక్క పక్కనబెట్టి నా పెన్ను అడిగింది. సంతకం చెయ్యడానికి చాలాసేపు పట్టింది. తిరిగిస్తూ, "నీమీద నాకేం జాలి లేదు, తెలుసుకో," అంది.

"తెలుసండి."

"మిగతా ఎనిమిది ఇళ్ళలో ఈ గురువారం మాట ఎత్తకు. అది నీకూ నాకూ మధ్య ఉన్నది." మళ్ళీ మిషను వైపు తిరిగి, "వెళ్ళు, పొద్దు వాలకముందే తిరుగు," అంది.

సాయంత్రానికి ఇంకో రెండిళ్ళు తిరిగాను. ఒకచోట కూతురు ఏడుస్తూ సంతకం పెట్టింది. రెండోచోట కొడుకు గుమ్మంలో నిలబడి కాగితం మొదటినుంచి చివరిదాకా చదివి, "ఇప్పుడు తెలుసుకుని నేనేం చేసుకోను?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోగా తలుపు వేసుకున్నాడు. ఆ మాట అతను కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. మెట్ల మీదే కూర్చుని, తలుపు సందులోంచి లోపలికి జారవిడవడానికి ఇంకో కాగితం రాయడం మొదలుపెట్టాను. ఈసారి అందులో ఆ ఏడు వందల యాభైమంది గురించి రాశాను.